రంపానికి కొత్త గొట్టం

భిలాయి పవర్ హౌస్ రైల్వే స్టేషనుకు అవతలి వైపు, పాత టైర్లు అమ్మే దుకాణాల వెనక రవికాంత్ షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. శబ్దాన్ని బట్టి జనం దారి కనుక్కునేవారు. మోటారు సైకిళ్ళకు కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ విప్పేసి, తాను రేకు చుట్టి చేసిన గొట్టం బిగించడం అతని ప్రత్యేకత. ఆ గొట్టం ఇంజను దగ్గర సన్నగా మొదలై, మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి, చివర మళ్ళీ సన్నబడేది. అది బిగించిన బండి ముందుకంటే చురుగ్గా దూకేది, ముందుకంటే గట్టిగా అరిచేది. దుర్గ్ నుంచీ రాయపూర్ నుంచీ కూడా కుర్రాళ్ళు వచ్చి చేయించుకునేవారు. తొంభై ఆరు నాటికి భిలాయిలో ‘రవి భయ్యా పైప్’ అంటే తెలియని మోటారు సైకిలు కుర్రాడు లేడు.

అతని తండ్రి పాలకొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరాడు. రవికాంత్ చిన్నతనంలోనే ఆయన పోయాడు. తరువాత తల్లి కూడా పోతే అక్క వనజాక్షి పెంచింది. వనజాక్షి భర్త బలరాం, చెట్లు కొట్టే కాంట్రాక్టరు శ్యామసుందర్ దగ్గర మోటారు రంపం నడుపుతాడు. రోడ్లు వెడల్పు చేసేటప్పుడూ, కరెంటు తీగల కింద కొమ్మలు అడ్డం వచ్చినప్పుడూ, గాలివానకు చెట్లు పడిపోయినప్పుడూ వాళ్ళ ముఠాకు పని. అందరూ ఉండేది క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలోనే. రవికాంత్ భోజనం అక్కగారింట్లోనే.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం వనజాక్షి క్యారియర్ పట్టుకొని షెడ్డుకు వచ్చింది. తమ్ముడు తింటున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని అతని చేతుల వంకే చూసింది.

“ఏటక్కా?” అన్నాడు.

“మీ బావ చేతులు సూసినావేటిరా ఈ మజ్జిన?”

“ఎందుకు, ఏమైంది?”

“గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోతన్నాయి. ఆ రంపం ముసలిదైపోనాదట. కొయ్యదట. పొద్దల్లా దాని మీద పడి నొక్కాలట. ఊళ్ళో కుర్రోళ్ళందరి బళ్ళూ పరిగెట్టిస్తావు. మీ బావ మిషను నీ కంటికి ఆనదేటి?”

రవికాంత్‌కు సిగ్గనిపించింది. మర్నాడే రంపం తెమ్మని బావకు కబురు చేశాడు.

అది నాగ్‌పూర్‌లో కొన్న పాత విదేశీ రంపం. శ్యామసుందర్ దగ్గర అలాంటివి మూడు ఉన్నాయి. ఒకటి బలరాం నడుపుతాడు, ఇంకొకటి మనోజ్‌కుమార్, మూడోది చిట్టిబాబు. రవికాంత్ దాన్ని బల్ల మీద పెట్టి విప్పాడు. ఇంజను పక్కన అరచేయంత డబ్బా ఉంది. అదే సైలెన్సర్. లోపల మసి పేరుకుపోయి పొగ బయటకు పోయే దారి దాదాపు మూసుకుపోయింది.

“చూడు బావా, దీనికి ఊపిరే ఆడట్లేదు. బేచారా, ఎలా కోస్తది?”

“మరేటి సేద్దాం?”

ఆ మసి గీకేసి, కడిగి, మళ్ళీ బిగిస్తే సగం జబ్బు పోతుందని రవికాంత్‌కు తెలుసు. ఒక పూట పని. కానీ కడగడంలో అతనికి ఉత్సాహం కలగలేదు. రెండు స్ట్రోకుల ఇంజనే కదా, మోటారు సైకిలుకు పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదు అన్న ఆలోచన అప్పటికే అతని బుర్రలో తిరగడం మొదలుపెట్టింది.

“రెండ్రోజులు నా దగ్గర వదిలేయ్ బావా. కొత్తదానిలా చేసి ఇస్తా.”

రేకు కోసి, శంకులుగా చుట్టి, అతికించి, చిన్న గొట్టం ఒకటి చేశాడు. మోటారు సైకిలు గొట్టానికి అది బుల్లి తమ్ముడిలా ఉంది. రంపం పట్టుకునే చేతికి వేడి తగలకుండా పక్కన చిల్లుల రేకు ఒకటి అడ్డం పెట్టాడు. పెట్రోలు కొంచెం ఎక్కువ అందేటట్టు స్క్రూ తిప్పాడు. తాడు లాగగానే షెడ్డు గోడలు అదిరాయి. పక్క దుకాణంలో టైర్లు దొర్లిస్తున్నవాడు పరిగెత్తుకొచ్చి చూశాడు. రవికాంత్ నవ్వాడు.

మొదటిసారి దాన్ని పనిలో పెట్టింది టౌన్‌షిప్ రోడ్డు మీద పడిపోయిన ఒక పెద్ద దిరిసెన మాను దగ్గర. రవికాంత్ కూడా వెళ్ళాడు. బలరాం రంపాన్ని మాను మీద ఆన్చాడు. నొక్కలేదు, ఊరికే ఆన్చాడు. అది వెన్నలోకి దిగినట్టు దిగింది. పొట్టు వాన జల్లులా అతని మోకాళ్ళ మీద పడింది. ముక్క తెగి కింద పడ్డాక బలరాం రంపం ఆపి, బావమరిది వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“ఒరే రవీ, ఇది రంపం కాదురా. రాకెట్టు!”

చుట్టూ ఉన్న కూలీలు చప్పట్లు కొట్టారు. ఒక్క సూర్యారావు మాత్రం చెవుల మీద నుంచి చేతులు తీసి, ఇంకా ముఖం చిట్లించే ఉన్నాడు.

సూర్యారావు రవికాంత్ తండ్రికి ఊరివాడు, స్నేహితుడు. ప్లాంటు రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగులో ఉండి రిటైరయ్యాడు. గ్యాంగు వంగి పనిచేస్తుంటే, దూరంగా నిలబడి, బండి వస్తుంటే కేక వేసి వాళ్ళను పట్టాల మీంచి తప్పించడం అతని ఉద్యోగం. అతని కేకకు క్యాంప్ 2లో కుక్కలు లేచి నిలబడతాయని చెప్పుకునేవారు. ఖాళీగా కూర్చోలేక బలరాం ముఠాలో చేరి, ఇక్కడా అదే పని చేస్తున్నాడు. బలరాం తల వంచి కోస్తుంటే, చెట్టు ఎటు ఒరుగుతోందో, ఏ కొమ్మ విరుగుతోందో చూసి చెప్పేది సూర్యారావే.

“ఏం మావా, నచ్చలేదా?” అన్నాడు రవికాంత్.

“పని బాగానే సేస్తంది బాబూ. మరి నాను అరిస్తే మీ బావకి ఇనబడతాదేటి?”

“నీ గొంతు వినబడకపోవడమా మావా! ప్లాంటు సైరనే నీ ముందు తక్కువ.”

అందరూ నవ్వారు. సూర్యారావు కూడా నవ్వాడు. ఆ మాట అక్కడితో పోయింది.

పది రోజులు తిరక్కుండా శ్యామసుందర్ జీపులో షెడ్డుకు వచ్చాడు. మనోజ్‌కుమార్, చిట్టిబాబుల రంపాలు రెండూ వెనక సీట్లో ఉన్నాయి.

“రవీ, ఏ దోనోఁ భీ, ఈ రెండూ కూడా. ఉతై రోడ్డు కొత్త కరెంటు లైను పని వచ్చింది నాకు. వానలు పడేలోపు చెట్లన్నీ తీసెయ్యాలి. మీ బావ మిషన్‌కి పెట్టిందే వీటికీ పెట్టు. అచ్చం అదే.”

రవికాంత్ వాటికీ పెట్టాడు. మూడు రంపాలూ ఒకేసారి మోగుతుంటే ఆ శబ్దం ఊరి చివరిదాకా వినిపించేదట. ఆ సంగతి అతనికి ఎవరో గర్వంగా చెప్పారు, అతనూ గర్వంగా విన్నాడు.

పని తేలికవుతుందనుకున్నారు. తేలిక కాలేదు. ఇదివరకు సాయంత్రానికి పడే చెట్లు ఇప్పుడు మధ్యాహ్నానికే పడుతుండడం చూసి, శ్యామసుందర్ మధ్యాహ్నం తరువాత ఇంకో వరస చూపించేవాడు. బలరాం చేతుల వణుకు తగ్గలేదు. చెవుల్లో దూది పెట్టుకుని, పైన తువ్వాలు చుట్టుకుని పనిచేసేవాడు. సూర్యారావు ఒక ఈల కొనుక్కున్నాడు. అదీ వినబడక, చేతులు ఊపి సైగలు చేయడం మొదలుపెట్టాడు. కానీ సైగ కనబడాలంటే కోసేవాడు తలెత్తి చూడాలి.

ఇంట్లో వనజాక్షి ముందుగా కనిపెట్టింది. బలరాం కూతురు అరుణజ్యోతి నెమ్మదిగా మాట్లాడే పిల్ల. బళ్ళో జరిగిన కబురు ఏదో చెబుతుంటే తండ్రి ఊఁ కొడుతున్నాడు. “పప్పా, నేను అడిగింది చెప్పండి నా” అని పిల్ల హిందీ యాసలో తండ్రిని రెట్టించింది. అతను మళ్ళీ ఊఁ అన్నాడు.

“అది ఏటడిగిందో సెప్పు సూద్దాం,” అంది వనజాక్షి గట్టిగా.

బలరాం తెల్లమొహం వేశాడు. ఆ తరువాత కోపం తెచ్చుకున్నాడు. “పొద్దల్లా పనిసేసి వచ్చినోడిని. చెవుల్లో కీచురాళ్ళు కూస్తన్నట్టుంటాది కాసేపు. పొద్దున్నకి తగ్గిపోతాది. దీనికేటి ఇంత రాద్ధాంతం?”

అన్నం తింటున్న రవికాంత్ తల దించుకున్నాడు. మోటారు సైకిలు వాళ్ళు గొట్టాన్ని బండి వెనక పెట్టుకుని శబ్దాన్ని వదిలేసి ముందుకు పోతారు. బావ ముఖానికి మూరెడు దూరంలో పెట్టుకుని రోజంతా వంగి ఉంటాడు. ఈ తేడా అతనికి అప్పుడు తట్టింది. ఏదో ఒకటి చేయాలనుకున్నాడు. మర్నాడు షెడ్డులో పని ఎక్కువగా ఉంది. ఆ మర్నాడూ ఉంది.

వాన మబ్బులు కనబడుతున్న రోజుల్లో, బలరాం రంపానికి గొట్టం బోల్టు ఒకటి వదులైందని కబురొస్తే రవికాంత్ స్పానర్లు పట్టుకుని ఉతై రోడ్డుకు వెళ్ళాడు. పని జోరుగా సాగుతోంది. రోడ్డు పక్క నీలగిరి చెట్లు వరసగా పడి ఉన్నాయి. ఒక చెట్టు మాత్రం కిందిదాకా పడలేదు. కోత పూర్తయి ఒరిగింది కానీ, తల వెళ్ళి పక్కనున్న మద్దిచెట్టు కొమ్మల్లో ఇరుక్కుంది. ఏటవాలుగా వేలాడుతోంది.

“తాడు ఒచ్చిందాకా దాని కిందకి ఎవులూ ఎల్లకండి,” అని సూర్యారావు అందరికీ చెప్పి ఉన్నాడు. తాడు అవతలి ముఠా దగ్గరుంది.

రవికాంత్ బోల్టు బిగించి ఇచ్చాడు. బలరాం రంపం తీసుకుని, పడిపోయిన ఇంకో మాను ముక్కలు కోయడానికి వెళ్ళాడు. మొదట దూరంగానే ఉన్నాడు. ఒక్కొక్క ముక్కా కోసుకుంటూ, తల వంచి మాను వెంబడే జరుగుతున్నాడు. అలా జరిగి జరిగి వేలాడే చెట్టు కిందకు వచ్చేశాడు. అతనికి ఆ ధ్యాస లేదు. ఎప్పుడైనా అడుగు తప్పు పడితే సూర్యారావు కేక వేస్తాడని ఇన్నేళ్ళ అలవాటు.

గాలి వీచింది. మద్ది కొమ్మ ఒకటి వంగింది. నీలగిరి తల కొంచెం జారింది.

రవికాంత్ సూర్యారావు వైపు చూశాడు. సూర్యారావు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కేక వేస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుని ఉంది. కానీ అంత దగ్గర నిలబడ్డ రవికాంత్‌కు కూడా ఆ కేక వినబడలేదు. రంపం మోత ఒక్కటే వినబడింది. సూర్యారావు ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బడం కనిపించింది, అంతే. తరువాత ఈల వదిలేసి ఆ వయసులో పరుగు తీశాడు.

రవికాంత్ కాళ్ళు కదిలేసరికే ఆలస్యమైపోయింది. సూర్యారావు వెనక నుంచి వెళ్ళి బలరాంను భుజంతో నెట్టాడు. బలరాం రంపంతో సహా బోర్లాపడ్డాడు. రంపం చేతిలోంచి జారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చెట్టు పడిన చప్పుడు, దాని వెంటనే సూర్యారావు గొంతూ వినిపించాయి.

నలుగురూ కలిసి మానును లేపారు. సూర్యారావు కుడికాలు మోకాలి దగ్గర నుజ్జయింది. శ్యామసుందర్ జీపులోనే ప్లాంటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారి పొడుగునా సూర్యారావు తల రవికాంత్ ఒడిలో ఉంది. బలరాం ఎదుట కూర్చుని “ఏటన్నాడు? ఏటంటన్నాడు?” అని మాటిమాటికీ అడుగుతున్నాడు. సూర్యారావు అన్నది నీళ్ళు కావాలని. అది బలరాంకు వినబడలేదు.

డాక్టర్లు కాలును నిలపాలని చాలా ప్రయత్నించారు. చివరకు మోకాలి పైదాకా తీసేయక తప్పలేదు.

సూర్యారావు భార్య చిన్నమ్మలు వార్డు బయట వరండాలో కూర్చుని ఉండేది. రవికాంత్ వెళితే మొహం తిప్పుకునేది. ఒకరోజు మాత్రం తనే మాట్లాడింది.

“రైలు పట్టాల మీద పని సేసినంతకాలం ఆయన ఒంటి మీద గీత పడలేదు. ఒక్కడి పేణం పోనివ్వలేదు. నీ గొట్టం ఆయన నోరు నొక్కీసింది బాబూ. నోరు నొక్కీసి కాలు తీసీసింది.”

రవికాంత్ వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఏడ్చాడు. చిన్నమ్మలు ఓదార్చలేదు.

అదే ఆసుపత్రిలో వనజాక్షి పట్టుబట్టి బలరాం చెవులు కూడా చూపించింది. పోయింది తిరిగి రాదని, మళ్ళీ అలాంటి మోతలో ఉంటే ఉన్నది కూడా పోతుందని చెప్పారు. ఇంటికి వచ్చాక వనజాక్షి గుమ్మంలోనే కూలబడింది.

“నానే ఎల్లి అడిగినాను,” అంది. “మీ బావ మిషను కనబడదేటి అని నానే అడిగినాను.”

“నువ్వు చేతుల నొప్పి తగ్గించమన్నావక్కా. డబ్బా కడిగితే సరిపోయేది. నాకు తెలుసు. తెలిసే చెయ్యలేదు.”

ఆ మాట పైకి అన్నాక రవికాంత్‌కు గుండె బరువు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. బలరాం రంపం గొట్టం ఆ సాయంత్రమే విప్పేసి, పాత డబ్బా మసి గీకి బిగించాడు. అది మసి పట్టి ఉన్నప్పటికంటే బాగానే కోసింది. అది చూశాక అతనికి మరీ కష్టమనిపించింది.

సూర్యారావుకు కాస్త మాట్లాడే ఓపిక వచ్చాక, మంచం పక్కన కూర్చోమన్నాడు.

“నన్ను తిట్టు మావా.”

“తిట్టి ఏటి లాభం? బాగుంది బాగుంది అని నవ్వినోళ్ళలో నానూ ఉన్నాను గదా. మిగతా రెండూ ఎక్కడున్నాయి?”

“ఉతై రోడ్డులోనే. మనోజ్, చిట్టిబాబు నడుపుతున్నారు.”

“అవి విప్పించు. బేగి. ఆళ్ళ ముఠాల్లో నాలాటోడు కూడా లేడు.”

విప్పడమంటే స్పానరుతో రెండు నిమిషాల పని అనుకుంటూ రవికాంత్ ఉతై రోడ్డుకు వెళ్ళాడు. మనోజ్‌కుమార్ బీడీ కాలుస్తూ విన్నాడు. అతను క్యాంప్ 2లోనే పుట్టి పెరిగాడు, తెలుగు కంటే హిందీ ఎక్కువ మాట్లాడతాడు.

“తీసేస్తే? స్లో అయిపోతుంది. శ్యామసుందర్ సేఠ్ మిషన్ ఇంకొకడి చేతిలో పెడతాడు. బలరాం భయ్యా సంగతి చూశావు కదా?”

అది నిజం. పాత డబ్బాతో కోస్తున్నాడని శ్యామసుందర్ బలరాం రంపం లాక్కుని వేరే మనిషికి ఇచ్చాడు. చెవులు పాడైనవాడికి మోత పని వద్దని ఆసుపత్రిలో అన్నారుగా, నేను చేసింది మంచికే అన్నాడు. పైగా తీసేసిన గొట్టం తిరిగి బిగించడానికి రవికాంత్ ఒప్పుకోకపోతే, దుర్గ్‌లో ఒక వెల్డింగ్ షాపువాడి చేత మనోజ్ గొట్టం చూపించి అలాంటిదే చేయించాడు.

“సూర్యారావు మావ కాలు పోయింది మనోజ్,” అన్నాడు రవికాంత్.

“మాలూమ్ హై, తెలుసు. నాకూ బాధే. కానీ నా పని నువ్వు ఇస్తావా?”

చిట్టిబాబు అంతకూడా మాట్లాడలేదు. అతని ముఠాను రాజనాందగావ్ వైపు పంపుతున్నారు. రంపాన్ని జీపులో పెట్టి, పైన గోనె కప్పి, వెళ్ళిపోయాడు.

రవికాంత్ షెడ్డులో మోటారు సైకిళ్ళ పని దాదాపు మానేశాడు. పగలంతా ఒకటే ప్రయత్నం. బలం తగ్గకూడదు, మోత తగ్గాలి. గొట్టం చివర ఇంకో చిన్న డబ్బా చేర్చి, లోపల చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఊలు కూరి చూశాడు. మొదటిది వేడికి పగిలింది. తరువాతది బరువెక్కి చేతికి అడ్డం వచ్చింది. చివరికి ఒకటి కుదిరింది. మోత బాగా తగ్గింది, బలం కొంచెం మాత్రం తగ్గింది. ఆ కొంచెం దగ్గరే మనోజ్ ఆగిపోయాడు. ఒక పూట వాడి చూసి, “వో బాత్ నహీఁ హై, ముందున్న ఊపు లేదు” అని తిరిగి ఇచ్చేశాడు.

పని లేక ఇంట్లో కూర్చున్న బలరాం మాటలు కూడా తగ్గించేశాడు. పిలిస్తే పలకడని విసుక్కోకుండా అరుణజ్యోతి ఒక అలవాటు చేసుకుంది. ఏదైనా చెప్పాలంటే ముందు వచ్చి తండ్రి భుజం తట్టేది. అతను తిరిగాక, మొహం చూస్తూ చెప్పేది. ఒకరోజు ఆ పిల్ల అలా తట్టగానే బలరాం తిరిగి, పిల్ల చెప్పేది వినకుండా, చాలాసేపు ఆమె చెయ్యి వంకే చూస్తూ ఉండిపోయాడు. తరువాత లేచి బజారుకు వెళ్ళి పొడుగాటి వెదురు గడ ఒకటి కొనుక్కొచ్చాడు.

మర్నాడు గడ పట్టుకుని మనోజ్ పని చేసేచోటికి వెళ్ళాడు.

“నీ పైపు నువ్వు తియ్యొద్దు. నీ ఎనకాల నిలబడతాను. ఈ గడ నీ భుజం మీద పడిందంటే రంపం వదిలీసి ఎనక్కి దూకాల. ఎందుకని అడక్కూడదు. సేఠ్‌కి నానే సెప్పుకుంటాను.”

“చెవులు లేని ఆదమీ నన్ను కాపాడతాడా?” అని మనోజ్ నవ్వబోయాడు. బలరాం మొహం చూసి ఆపేశాడు.

“కళ్ళున్నాయి గదా,” అన్నాడు బలరాం. మనోజ్ అన్నది కూడా అతను పెదాలు చూసే అర్థం చేసుకున్నాడు.

కూలీ రేటుకే వస్తానంటే శ్యామసుందర్ అడ్డు చెప్పలేదు. చెవులకు మందపాటి దూది, పైన తువ్వాలు కట్టుకుని, మోతకు వీలైనంత దూరంగా, గడ పొడుగంత దూరంలో బలరాం నిలబడేవాడు. ఆసుపత్రి వాళ్ళ మాట వినలేదని వనజాక్షి గొడవపడింది. అతను వినిపించుకోలేదు, లేదా నిజంగానే వినబడలేదు. ఏది నిజమో ఆమె తేల్చుకోలేకపోయింది.

వానలు మొదలయ్యాయి. నేల మెత్తబడింది. టౌన్‌షిప్‌లో ఒక పాత చింతచెట్టు కొమ్మ గోడ మీదికి ఒరిగితే తీయడానికి వెళ్ళారు. మనోజ్ కింద కోస్తున్నాడు. తడిసిన చెట్టు, పైన ఎండిన కొమ్మ ఒకటి మొదలు దగ్గర చీలుతోంది. చప్పుడు ఎవరికీ వినబడే ప్రశ్నే లేదు. బలరాం చీలికలో తెల్లటి గీత చూశాడు. గడ మనోజ్ భుజం మీద పడింది.

మనోజ్ రంపం వదిలి వెనక్కి దూకాడు. కొమ్మ రంపం మీద పడింది.

అతను బురదలో కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, కొమ్మ కింద నుంచి రంపాన్ని లాగి, తుడిచి, సైకిలుకు కట్టుకుని నేరుగా పవర్ హౌస్ వెళ్ళాడు.

రవికాంత్ షెడ్డు తలుపు దగ్గర అతన్ని చూసి లేచాడు.

“పైపు వంగిపోయింది,” అన్నాడు మనోజ్.

“వంకర తీసివ్వను మనోజ్. సారీ.”

“వంకర తీయమనలేదు. ఆ రెండోది ఉందా? చప్పుడు తక్కువది?”

రవికాంత్ దాన్ని తెచ్చి బిగించాడు. మనోజ్ పోయేటప్పుడు అన్నాడు: “సేఠ్ అడిగితే కొమ్మ పడి పాతది పాడైందని చెప్తా. భయపడ్డానని చెప్పను.”

ఆ సంగతి చెప్పడానికి రవికాంత్ సూర్యారావు ఇంటికి వెళ్ళాడు. సూర్యారావు కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. చంక కర్రలు గోడకు ఆన్చి ఉన్నాయి. వాటితో నడవడం అతనికి ఇంకా రాలేదు. చిన్నమ్మలు రవికాంత్‌ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

సూర్యారావు అంతా విన్నాడు. సంతోషించినట్టు కనబడలేదు.

“అలాటివి ఇంకెన్నున్నాయిరా?”

“నేను చేసినవి మూడే మావా. ఇప్పుడు చిట్టిబాబు దగ్గర ఒక్కటే ఉంది.”

“నువ్వు సేసినవి కాదు. అలాటివి.”

రవికాంత్ తడబడ్డాడు. “దుర్గ్ షాపువాడు చూసి నేర్చుకున్నాడు. బాలోద్ వైపు ముఠాలకు కూడా చేసిచ్చాడని విన్నాను. ఎన్నో తెలీదు. వెళ్ళి చెప్పాను మావా. చేయకు, మనుషులు పోతారని చెప్పాను. నవ్వాడు. ‘నువ్వు చేసి పేరు తెచ్చుకున్నావు, నేను చేస్తే తప్పా’ అన్నాడు.”

“మళ్ళీ ఎల్లు.”

“మళ్ళీ నవ్వుతాడు.”

“నవ్వుతాడు,” అన్నాడు సూర్యారావు. “ముందు ఆ చిట్టిబాబు సంగతి సూడు.” తరువాత నొప్పి వచ్చినట్టుంది, లేని కాలు ఉన్నచోట దుప్పటిని చేత్తో నొక్కుకుంటూ గోడ వైపు తిరిగాడు. లోపల చిన్నమ్మలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె బయటికి రాలేదు. రవికాంత్ లేచి వచ్చేశాడు.

ఆదివారం అతను గోనెసంచిలో కొత్త గొట్టం, స్పానర్లు పెట్టుకుని రాజనాందగావ్ బండెక్కాడు. అడిగి అడిగి, ఊరి బయట కాలవ గట్టు మీద చిట్టిబాబు ముఠాను పట్టుకున్నాడు. వాన వెలిసి, అందరూ టీ తాగుతున్నారు. చిట్టిబాబు బుగ్గన రొట్టె పెట్టుకుని, గొట్టాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. మనోజ్ సంగతి కూడా విన్నాడు.

“సరేలే. ఇక్కడ పెట్టి ఎల్లు. రేపు బిగించుకుంటాను,” అన్నాడు.

“రేపు వద్దు. నేను ఇప్పుడే బిగిస్తాను.”

“ఇప్పుడు పనుంది.”

“పని అయ్యేదాకా ఉంటాను.”

చిట్టిబాబు రంపాన్ని ఇవ్వలేదు, పొమ్మనీ అనలేదు. టీ అయిపోయాక లేచి, తాడు లాగి, గట్టు కింద తుమ్మచెట్టు దగ్గరకు వెళ్ళాడు. మోత మొదలైంది. రవికాంత్ సంచీ ఒడిలో పెట్టుకుని, నరికిన మొద్దు మీద కూర్చున్నాడు. తరువాత లేచి, చుట్టూ వెతికి, నేల మీద పడున్న పొడుగాటి కొమ్మ ఒకటి తీసుకుని, ఆకులు దూసేసి, చిట్టిబాబు వెనకాల వెళ్ళి నిలబడ్డాడు.